మరణజ్ఞానం, సత్యకథనం: పరీక్షిత్తు – ఇవాన్ ఇల్యీచ్

మరణం ఆసన్నమైనవాడు జీవితం నుంచి నేర్వదగినది ఏమిటన్న ప్రశ్న భాగవతంలోనూ, లియో టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన ‘ఇవాన్ ఇల్యీచ్ మరణం’ నవలికలోనూ కేంద్రస్థానంలో ఉంది. రెండింటినీ వైరాగ్యబోధలుగా వ్యాఖ్యానించడం సులభం. కాని ఆ బోధ ఫలించడానికి రోగికి, లేదా శాపగ్రస్తునికి, తన స్థితి తెలియడం ముందుగా అవసరమన్న అంశం తగినంత పరిశీలనకు నోచుకోవాలి.

శృంగి శాపం పరీక్షిత్తుకు ఏడు దినాల గడువు విధిస్తుంది. శమీకుని మెడలో మృతసర్పాన్ని వేసిన తన అపరాధాన్ని రాజు ముందే తలచుకొని పరితపిస్తాడు. రాజ్యభారం కుమారునికి అప్పగించి, గంగాతీరాన ప్రాయోపవిష్టుడై, మునుల సమక్షంలో మరణించబోయేవాని కర్తవ్యమేమిటని శుకుని అడుగుతాడు. ముహూర్తకాలం మాత్రమే మిగిలిందని తెలిసి తరించిన ఖట్వాంగుని ఉదాహరించి, ఏడు దినాలు చాలునని శుకుడు ధైర్యం చెబుతాడు. ఇక్కడ గడువు అందరికీ తెలుసు. అందువల్ల ప్రశ్న బహిరంగంగా అడగడం సాధ్యమైంది.

ఇవాన్ ఇల్యీచ్‌కు ఆ అవకాశం లేదు. వైద్యులు మూత్రపిండమా, పేగా అని తర్కిస్తారు గాని అతడు అడిగిన ప్రాణప్రశ్నకు బదులివ్వరు. న్యాయాధికారిగా తాను ముద్దాయిలపట్ల చూపిన నిర్లిప్తతనే వారిలో గుర్తిస్తాడు. జబ్బు నయమవుతుందన్న ఇంటివారి నటన నొప్పికన్నా ఎక్కువగా బాధిస్తుంది. అతని కాళ్లను భుజాలపై మోసే సేవకుడు గెరాసిం ఒక్కడే చావును దాచడు. శుకుని స్థానంలో ఇక్కడ ఒక పనివాడు నిలవడం టాల్‌స్టాయ్ రచనలోని ప్రధాన విశేషం. అతడు బోధించడు, సేవ చేస్తాడు.

అయితే పరుల అసత్యం తొలగినంత మాత్రాన ఇవాన్‌కు విముక్తి లభించదు. తాను సక్రమంగానే జీవించానన్న సమర్థన చివరిదాకా అడ్డుపడుతుంది. కుమారుడు చేతిని ముద్దాడినప్పుడు ఇంటివారిపై జాలి కలిగి, ఆ సమర్థన సడలుతుంది. పరీక్షిత్తు తన తప్పును ఆదిలోనే ఒప్పుకోగా, ఇవాన్ అంతిమఘడియల్లో ఆ స్థితికి చేరుతాడు.

తీవ్రవ్యాధిని రోగికి తెలియనివ్వని కుటుంబాలకు ఈ పోలిక వర్తిస్తుంది. నవలికలోని దాపరికానికి మర్యాద కారణమైతే, అనేక ఇళ్లలో ప్రేమ కారణం. ఆ భేదాన్ని విస్మరించరాదు. అయినా క్షమాపణ కోరడానికి, బాధ్యతలు అప్పగించడానికి, వీడ్కోలు చెప్పడానికి కావలసిన వ్యవధి రెండు సందర్భాల్లోనూ రోగికి దక్కకుండా పోతుంది. పరీక్షిత్తుకు శాపంతోపాటు లభించిన ఏడు దినాల విలువ ఈ కోణం నుంచి మరింత స్పష్టమవుతుంది.