కూడలిలో పొద్దుగుంకితే

ఢిల్లీ పక్కనున్న వైశాలిలోని మా ఇంట్లో సాయంత్రం గిటార్ పట్టుకుంటే నా వేళ్లు ముందుగా ‘క్రాస్‌రోడ్స్’ (కూడలి) పాట మీదికే పోతాయి. 1968 మార్చిలో శాన్ ఫ్రాన్సిస్కో వేదికపై క్రీమ్ బృందం వాయించిన ఈ పాట వింటే బ్లూస్-రాక్ అంటే ఏమిటో తెలిసిపోతుంది. ఎరిక్ క్లాప్టన్ పాడుతూ గిటార్ వాయిస్తుంటే జాక్ బ్రూస్ బేస్, జింజర్ బేకర్ డ్రమ్స్ ఆయన్ను తరుముతుంటాయి.

మూలం మిసిసిపీ గాయకుడు రాబర్ట్ జాన్సన్‌ది. 1936 నవంబరులో ఒంటరిగా, ఒక్క గిటార్‌తో రికార్డు చేశాడు. బ్లూస్ కట్టుబడి సులువైనదే: 3 కార్డులు (స్వరాల కలయికలు), 12 బార్లు (తాళపు ఆవృత్తాలు). ఒక పంక్తిని రెండుసార్లు పాడి మూడోదానితో ముగిస్తారు. సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఊగే స్వరంలో ఉంటుంది దిగులంతా. జాన్సన్ ఊపిరిని బట్టి బార్లు సాగుతాయి, కుదించుకుంటాయి. క్రీమ్ వాటిని 12కి బిగించి పరుగెత్తించింది.

కూడలిలో సైతానుకు ఆత్మను అమ్ముకుని జాన్సన్ విద్య సంపాదించాడని లోకం చెప్పుకుంటుంది. పాటలో సైతాను ఊసే లేదు. ఒక మనిషి మోకాళ్ల మీద పడి దేవుణ్ణి దయ చూడమని వేడుకుంటాడు. బండి ఆపబోతే ఎవరూ ఆగరు. పొద్దుగుంకుతోంది. ఆనాటి అమెరికా దక్షిణాదిలో చీకటిపడ్డాక ఎరగని రోడ్డు మీద చిక్కుకున్న నల్లజాతి మనిషికి అది ప్రాణగండం.

2020 మార్చి చివర, కోవిడ్ లాక్‌డౌన్ మొదలైన రోజుల్లో, మా వైశాలికి రెండు మెట్రో స్టేషన్ల అవతల ఆనంద్ విహార్ బస్టాండుకు వేలాది వలస కూలీలు మూటలతో, చంటిపిల్లలతో చేరారు. బస్సు దొరకనివాళ్లు నడక సాగించారు. ఊరు చేరే దారి లేక రోడ్డు మీద నిలబడ్డ మనిషి భయం ఎలాంటిదో అప్పుడు నాకు అర్థమైంది.

క్రీమ్ పాటలో ఆ పొద్దుగుంకే చరణం లేదు. దాని బదులు జాన్సన్‌దే మరో పాటలోని, రోజ్‌డేల్ అనే ఊరికి పోవడం గురించిన చరణం చేర్చారు. అందుకే గిటార్ నేర్చుకునే పిల్లలకు నా మనవి: క్లాప్టన్ సోలోలు తప్పక సాధన చెయ్యండి, అవి గొప్పవి. కానీ వాటికి ముందు జాన్సన్‌ను వినండి, మాటలు అర్థం చేసుకోండి. ఆ భయం తెలియకుండా ఎంత వేగంగా వాయించినా ఈ పాట వచ్చినట్టు కాదు.