దోమేనా ఆ పని చేసింది?

1900 సెప్టెంబరు 7న వాషింగ్టన్ నుంచి మేజర్ వాల్టర్ రీడ్ క్యూబాలో ఉన్న తన సహచరుడు డాక్టర్ జేమ్స్ కారల్‌కి ఒక ఉత్తరం రాశాడు. కారల్‌కి ఎల్లో ఫీవర్ వచ్చింది, ఇక దక్కడనుకున్నారు, దక్కాడు. ఆ కబురు అందగానే రాసిన ఉత్తరమిది. నలభై ఎనిమిదేళ్ళ సైనిక డాక్టరు కాగితం మీద గంతులేస్తాడు. హిప్ హిప్ హుర్రే అంటాడు. దేవుడికి దణ్ణాలు పెడతాడు. ఇప్పుడే వెళ్ళి ఒళ్ళు తెలీకుండా తాగేస్తానంటాడు. వీలైనంత తొందరగా ఇంటికొచ్చి పెళ్ళాం పిల్లల్ని చూసుకోమంటాడు. అంతా అయ్యాక, విడిగా ఒక ప్రశ్న. దోమేనా ఆ పని చేసింది?

ఇది చదివి మొదట నవ్వొచ్చింది, ఆ తర్వాత కొంచెం ఇబ్బందిగా అనిపించింది. స్నేహితుడు బతికాడన్న సంతోషం, వాడి ఒంటిమీద ప్రయోగం ఫలించిందేమోనన్న ఆత్రం ఒకే గుక్కలో వచ్చేశాయి. ఏది ముందో ఏది వెనకో రీడ్‌కే తెలిసుండదు. నవలా రచయిత ఇలాంటి వాక్యం రాస్తే మెచ్చుకుంటాం. ఇక్కడ రాసినవాడు అది సాహిత్యమనుకోలేదు.

ఈ ఉత్తరం అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయం దగ్గరుంది, ఫిలిప్ హెంచ్ సేకరణలో భాగంగా. హెంచ్ మాయో క్లినిక్‌లో కీళ్ళవాతం డాక్టరు. కార్టిసోన్ మీద చేసిన పనికి 1950లో నోబెల్ పంచుకున్నాడు. ఆ హడావుడి మధ్యలోనే, 1930ల చివర్నుంచి 1965లో పోయేదాకా, ఎల్లో ఫీవర్ ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్ళనీ, పోయినవాళ్ళ కుటుంబాలనీ వెతికి పట్టుకుని ఉత్తరాలు, ఫోటోలు, జ్వరం చార్టులు పోగేశాడు. ఆయన పోయాక భార్య వాటిని విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. ఇప్పుడు చాలా భాగం ఇంటర్నెట్‌లో చదువుకోవచ్చు. కొన్ని వారాలుగా నేను చేస్తున్న పని అదే.

కథ తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. 1898లో స్పెయిన్‌ని ఓడించి అమెరికా క్యూబాని చేతిలోకి తీసుకుంది. అక్కడి సైనికులకి ఎల్లో ఫీవర్ భయం. 1900లో సైన్యం నలుగురు డాక్టర్లతో ఒక కమిషన్ వేసింది: రీడ్, కారల్, జెసీ లజీర్, అరిస్టిడెస్ అగ్రమోంటె. జబ్బు రోగుల బట్టలూ పక్కబట్టల వల్ల అంటుకుంటుందని అప్పటి నమ్మకం. కాదు, దోమ వల్ల అని హవానా డాక్టరు కార్లోస్ ఫిన్లే 1881 నుంచీ చెబుతూనే ఉన్నాడు, ఎవరూ వినలేదు. చివరికి కమిషన్‌కి దోమ గుడ్లిచ్చింది ఆయనే. ఆ గుడ్ల నుంచి దోమల్ని పెంచి, రోగుల్ని కుట్టించి, తర్వాత ఆరోగ్యంగా ఉన్నవాళ్ళని కుట్టించే పని లజీర్ చేశాడు. ఆగస్టు 27న అలాంటి దోమకి కారల్ చెయ్యి చాపాడు. రీడ్ అప్పటికి టైఫాయిడ్ రిపోర్టు పూర్తిచేయడానికి వాషింగ్టన్ వెళ్ళిపోయి ఉన్నాడు.

నన్ను ఎక్కువసేపు పట్టి ఉంచింది లజీర్ ఉత్తరం. రీడ్ ఉత్తరం రాసిన మర్నాడే, సెప్టెంబరు 8న, లజీర్ తన భార్య మేబెల్‌కి రాశాడు. అసలు క్రిమి జాడ దొరికిందని అనుకుంటున్నాను, కానీ ఎవరితోనూ అనకు, చూచాయగా కూడా తెలియనివ్వకు, నేనింతవరకూ ఎవరికీ చెప్పలేదు అని. భార్యకి రాసిన గుట్టు ఇది. గెలుపుని ఇంకా గట్టిగా పట్టుకోని మనిషి గొంతు. ఐదు రోజుల తర్వాత, సెప్టెంబరు 13న, ఆయన్ని ఒక దోమ కుట్టింది. సెప్టెంబరు 25న చనిపోయాడు. ముప్పై నాలుగేళ్ళు.

ఆ దోమ ఆస్పత్రిలో రోగులకి దోమల్ని పట్టించేటప్పుడు అనుకోకుండా వచ్చి వాలిందని అధికారిక కథనం. ఆయన ప్రయోగాల పుస్తకంలో మాత్రం అదే సెప్టెంబరు 13 తేదీ కింద ఒక నమోదు ఉంది. ఆ రోజు దోమ కుట్టింది 'గినీ పిగ్ నంబర్ 1'ని. ఆ గినీ పిగ్ తనేనా? పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నాకు ఆ వాదన కన్నా ఆ మాట ఎంపిక ఆసక్తిగా ఉంది. భార్యకి రాస్తే ఎవరికీ చెప్పొద్దన్న మనిషి, తనకోసం రాసుకునే పుస్తకంలో కూడా తన పేరు రాసుకోలేదేమో.

అదే సెప్టెంబరు చివర్లో రీడ్ క్యూబాలోని మిత్రుడు కీన్‌కి రాశాడు: నావాళ్ళు ఒక్కొక్కరే జబ్బున పడుతుంటే నేనిక్కడ సురక్షితమైన చోట కూర్చున్నందుకు సిగ్గుగా ఉందని. ఈ సిగ్గు నిజం. దాన్ని అనుమానించడానికి నాకేం కారణం కనబడదు. రీడ్‌ని దేవుణ్ణి చేసినవాళ్ళూ, దొంగని చేసినవాళ్ళూ ఇద్దరూ ఈ ఉత్తరాన్ని తొందరగా దాటేస్తారు.

అక్టోబరులో రీడ్ తిరిగొచ్చాడు. ఊరి బయట కొత్త శిబిరం వేసి దానికి లజీర్ పేరు పెట్టాడు. ఇక్కడి నుంచి ఉత్తరాల గొంతు మారుతుంది. డిసెంబరు 8 రాత్రి జాన్ కిసింజర్ అనే సైనికుడికి జ్వరం మొదలైంది. కొత్త శిబిరంలో దోమ వల్ల వచ్చిన తొలి కేసు. మర్నాడు రీడ్ భార్య ఎమిలీకి రాశాడు: నాతో పాటు సంతోషించు, డిఫ్తీరియా విరుగుడు, కోఖ్ కనిపెట్టిన క్షయ క్రిమి, ఈ రెండూ తీసేస్తే పంతొమ్మిదో శతాబ్దంలో ఇంత ముఖ్యమైన పని లేదని అంటారు చూడు. ఆనందంతో అరవాలనిపిస్తోందంటాడు. ఆ ఉత్తరం రాసేటప్పటికి కిసింజర్ జ్వరంతో మంచం మీద ఉన్నాడు. బతుకుతాడో లేదో ఎవరికీ తెలీదు.

ఇక డిసెంబరు 31 రాత్రి, పన్నెండు కావడానికి పది నిమిషాలుందనగా రాసిన ఉత్తరం. చరిత్ర పుస్తకాల్లో ఎక్కువగా కనబడేది ఇదే. ఎల్లో ఫీవర్ మీద లా రోష్ రాసిన పాత గ్రంథం చదువుతూ కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరూ తొలగించలేని తెరని తీసే భాగ్యం నాకూ నా సహాయకులకూ దక్కింది, మనుషుల బాధ కొంతైనా తగ్గించాలని ఇరవై ఏళ్ళుగా చేసుకున్న ప్రార్థన ఫలించింది అంటాడు. ఇంతలో బయట ఇరవైనాలుగు మంది బ్యూగిల్ ఊదేవాళ్ళు పాత సంవత్సరానికి వీడ్కోలు పలుకుతున్నారు, విను అంటాడు. చాలా అందమైన ఉత్తరం, అందులో సందేహం లేదు. ఇంత అందంగా ఉండటమే నాకు గుచ్చుకుంటోంది. సెప్టెంబరు ఉత్తరంలో వాక్యాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. ఇక్కడ ఒక్కొక్కటీ తీరిగ్గా వచ్చి నిలబడుతుంది. రాస్తున్నది భార్యకే, కానీ ఆమె భుజం మీదుగా ఎవరో ముందు తరాలవాళ్ళు కూడా చదువుతారని తెలిసిన రాత ఇది. 'నా సహాయకులు' అన్న మాటలో మూడు నెలల కిందట పోయినవాడు కూడా ఉన్నాడు, పేరు లేకుండా.

అయినా లజీర్‌కి అన్యాయం జరిగిందని రాసి ఊరుకుంటే చాలదు. లజీర్‌కి శిబిరం పేరుంది, భార్య దాచుకున్న ఉత్తరాలున్నాయి. ఈ సేకరణలో నేను మళ్ళీ మళ్ళీ తెరిచిన కాగితం అసలు ఉత్తరమే కాదు. 1900 నవంబరు 26న అంతోనియో బెనిగ్నో అనే స్పానిష్ వలసకూలీ కమిషన్‌తో చేసుకున్న ఒప్పందం. స్పానిష్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉంది. ఊరు సెర్సేదా, వయసు ఇరవై ఐదు దాటింది, తల్లిదండ్రులు ఫలానా. ప్రయోగానికి ఒప్పుకున్నందుకు బంగారంలో వంద డాలర్లు. జ్వరం వస్తే ఇంకో వంద. చనిపోతే ఆ డబ్బు తను చెప్పినవాళ్ళకి. శిబిరం దాటి బయటికెళ్తే ఏమీ రాదు. మనిషి మీద ప్రయోగానికి రాతపూర్వకంగా సమ్మతి తీసుకున్న తొలి పత్రాల్లో ఒకటిగా దీన్ని వైద్యనీతి చదివేవాళ్ళు మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. అంతకుముందు అడిగిన పాపాన పోయినవాళ్ళు అరుదు.

కానీ విమర్శకుడి పని వాక్యం దగ్గర ఆగడం. బెనిగ్నో తన పూర్తి స్వేచ్ఛతో ఒప్పుకుంటున్నాడని పత్రం నొక్కి చెబుతుంది. జబ్బు వస్తే ప్రాణానికి కొంత ముప్పని తనకి తెలుసంటుంది. ఆ వెంటనే కారణం: ఈ ద్వీపంలో ఉన్నంతకాలం ఈ జబ్బు రాకుండా తప్పించుకోవడం ఎలాగూ అసాధ్యం కాబట్టి, మంచి వైద్యం దొరికే చోట కావాలని తెచ్చుకోవడమే మేలు.

అసాధ్యం. ఈ మాట పెట్టుకుని ముందుకెళ్దాం. శిబిరంలో రెండు చిన్న ఇళ్ళు కట్టారు. మొదటి దాంట్లో రోగుల మలినాలతో కంపుకొట్టే పక్కబట్టల మధ్య ముగ్గురు అమెరికన్లు ఇరవై రాత్రులు పడుకున్నారు. ఎవరికీ జ్వరం రాలేదు. రెండో ఇంటిని మధ్యలో సన్నని వైరు జాలీతో రెండుగా విడగొట్టారు. దోమలున్న వైపు డిసెంబరు 21న జాన్ మోరన్ పడుకున్నాడు. క్రిస్మస్ రోజుకి జ్వరం. జాలీకి అవతల అదే గాలి పీల్చిన ఇద్దరికి ఏమీ కాలేదు. అంటే తప్పించుకోవడం అసాధ్యం కాదు. ఒక జాలీ చాలు. 1901లో గోర్గస్ అనే సైనిక డాక్టరు హవానాలో దోమల మీద పడితే అదే ఏడాదిలో ఊళ్ళో ఎల్లో ఫీవర్ ఆగిపోయింది. బెనిగ్నో చేత సంతకం పెట్టించిన కారణాన్ని, బెనిగ్నో ఒంటితో చేసిన ప్రయోగమే తప్పని తేల్చింది. రీడ్ మోసం చేశాడని నేననను. నవంబరు 26న ఆయనకీ ఖాయంగా తెలీదు. కానీ తెలుసుకోవడానికే కదా ఆ ఇల్లు కట్టించింది!

హైదరాబాదులో కూర్చుని ఇది చదువుతుంటే బేగంపేట గుర్తు రాకుండా ఉండదు. అక్కడ 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఎల్లో ఫీవర్‌కి కూడా దోమే కారణం కావచ్చన్న ఆలోచనకి క్యూబాలో బలమొచ్చింది ఆ వార్త వల్ల కూడా. రాస్ దోమలు కుట్టిన రోగి హుస్సేన్ ఖాన్. కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా ఇచ్చాడు. రాస్ ఉత్తరాలు అచ్చయ్యాయి, ఆయన పేర రోడ్డుంది. హుస్సేన్ ఖాన్ గురించి మనకి తెలిసింది ఆ లెక్కే. (ఎల్లో ఫీవర్ మన దేశంలో లేదు, దాన్ని మోసే దోమ మాత్రం మన పూలకుండీల్లోనే ఉంది. మనకి డెంగీ తెస్తున్నది అదే.)

హెంచ్ సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఆయన మోరన్‌కీ కిసింజర్‌కీ ఉత్తరాలు రాసి జ్ఞాపకాలు రాయించుకునే నాటికి నలభై ఏళ్ళు గడిచాయి. అప్పటికే ఈ కథమీద 'యెల్లో జాక్' అని బ్రాడ్వేలో నాటకం ఆడింది, సినిమా వచ్చింది. ఆ ఇద్దరూ డబ్బు వద్దన్నారు, అది నిజం. 1929లో అమెరికా కాంగ్రెస్ వాళ్ళకి బంగారు పతకం, నెలకి 125 డాలర్ల పింఛను ఇచ్చింది. డబ్బు వద్దన్నవాళ్ళకి చివరికి డబ్బు, గౌరవం రెండూ దక్కాయి. డబ్బు తీసుకున్న స్పానిష్ కూలీల పేర్లు ఆ గౌరవ పట్టికలో లేవు. వందకి ఆశపడ్డవాడి త్యాగం త్యాగం కాదన్నమాట. వాళ్ళ కుటుంబాలకి ఎవరైనా ఉత్తరం రాశారా, ఇంట్లో పాత కాగితాలేమైనా ఉన్నాయా అని అడిగారా? నేను చదివినంతలో అలాంటిది కనబడలేదు. హెంచ్ లేకపోతే ఈ రాత నేను రాసేవాణ్ణే కాదు, ఆ కృతజ్ఞత ఉంది. కానీ సేకరణంటే ఎవర్ని అడగాలో ముందే నిర్ణయించుకోవడం కూడా.

బెనిగ్నో పేరుతో వెతికాను. సెర్సేదాకి రాసిన ఉత్తరం ఒక్కటైనా ఉంటుందేమోనని. వందతో ఏం చేస్తానన్నాడు, జ్వరం వస్తే అమ్మకి చెప్పాడా లేదా. అలాంటిదేమీ దొరకలేదు. ఆయనకి డిసెంబరులో జ్వరం వచ్చింది, తగ్గింది, రెండో వంద అందుకునే అర్హత వచ్చింది. ఆ రోజుల గురించి మిగిలింది జ్వరం చార్టు. అడ్డంగా తేదీలు, నిలువుగా డిగ్రీలు, మధ్యలో పైకి లేచి దిగిన గీత.