పాత రైలుదారి, కొత్త నడకబాట: ముందు జరుగవలసిన పరిశీలన

రైలుమార్గము ఒకటి మూతపడిన తరువాత దాని గతి ఏమగును? పట్టాలు ఊడదీసి అమ్మివేయుదురు. స్లీపర్లు తలా ఒకటి మోసుకొనిపోవుదురు. కంకరకట్ట మాత్రము మిగులును. ఇరువది ఏండ్లు గడచునప్పటికి దానిపై తుప్పలు మొలచి, పనికిరాని బీడుగా కనబడును. ఇట్టి మార్గములను నడచువారికి, సైకిలు తొక్కువారికి బాటలుగా మార్చుట నేడు అనేక దేశములలో జరుగుచున్నది. ఆలోచన మంచిదే. కొత్తగా భూమి సేకరింపనక్కరలేదు. ఎత్తుపల్లములు తక్కువ. మోటారుబండ్ల బెడద లేదు. అయితే ఆ బీడులో అప్పటికే కాపురమున్న ప్రాణుల సంగతి ముందుగా పరిశీలించుచున్నారా? పరిశీలించినచో, ఆ పరిశీలన బాట రూపమును ఏమాత్రమైనను మార్చుచున్నదా? ఈ రెండవ ప్రశ్నయే అసలైన గీటురాయి.

పాత రైలుదారి ప్రాణులకు ఎందుకు నచ్చునో గ్రహించుట కష్టము కాదు. కంకరరాళ్లు ఎండకు త్వరగా వేడెక్కును, వాననీటిని నిలువనీయవు. అందుచేత ఉదయపుటెండ కాచుకొనుటకు తొండలు, పాములు అచటికి చేరును. కట్టకు ఇరుప్రక్కలనున్న కాలువలలో నీరు నిలిచిన చోట కప్పలు గ్రుడ్లు పెట్టును. సొరంగము లోపల వేసవికిని చలికాలమునకును ఉష్ణోగ్రతలో భేదము స్వల్పము. గబ్బిలములకు కావలసినది అదియే. పైగా ఆ నేలను దశాబ్దముల తరబడి నాగలి తాకలేదు. అది సన్నని పొడవైన పట్టీ గనుక, ఒక అడవి తునకనుండి మరియొక తునకకు పోవు ప్రాణులకు దారియు అగును.

ఆ దారినే కలుపుమొక్కలును వాడుకొనును. సిసిలీ దీవిలో ఎట్నా అగ్నిపర్వతపు నేలలలో పెరుగు ఒక పసుపుపూల మొక్క, ఆక్స్‌ఫర్డు ఉద్యానమునుండి తప్పించుకొని, 19వ శతాబ్దములో రైలు కంకర వెంబడి బ్రిటనులో దూరదూరములకు ప్రాకినది. కనుక పరిశీలన అనగా ఉన్నదంతయు కాపాడుడని చెప్పుట కాదు. ఏది అక్కడ ఉన్నది, ఎందుకు ఉన్నది అని తెలిసికొనుట.

న్యూయార్కు నగరమున వీధులకు పైన ఉక్కు స్తంభములమీద కట్టిన హైలైన్ అను రైలుమార్గముపై చివరి బండి 1980లో నడచినది. తరువాత గాలికి వచ్చిన విత్తనములు మొలచి అదియొక పచ్చికబీడైనది. వృక్షశాస్త్రజ్ఞుడు రిచర్డ్ స్టాల్టర్ అచట 161 జాతుల మొక్కలను గుర్తించి 2004లో ప్రకటించినాడు. చక్కని పని. కాని 2009లో మొదటి భాగము ప్రజలకు తెరచునాటికి, అచటి పట్టాలు, కంకర, మట్టి, వాటితోపాటు ఆ మొక్కలును తొలగింపబడినవి. కాంక్రీటుకు మరమ్మతు చేసి, పాత బీడును తలపించునట్లు కొత్త మొక్కలు నాటినారు. మరమ్మతు అవసరమే, ఉద్యానము అందమైనదే. అయినను దానిని తోటగా మెచ్చుకొనవచ్చునే గాని, ఆవాసరక్షణ అనుటకు వీలులేదు. అక్కడ జాతుల పట్టిక జ్ఞాపకార్థముగా మిగిలినది. 2014లో తెరచిన భాగములో మాత్రము కొంతమేర, తనంతట మొలచిన మొక్కలను అట్లే ఉంచి సాదా నడవ వేసినారు.

సింగపూరు కథ వేరొక లోపమును చూపును. తాంజోంగ్ పగార్ నుండి ఉత్తరమున ఉడ్‌లాండ్స్ వరకు సుమారు 24 కిలోమీటర్ల మార్గము మలేషియా రైల్వేల అధీనములో ఉండెడిది. 2011 జూన్ 30 రాత్రి చివరి బండి వెడలినది. మరునాడు ఆ నేల సింగపూరునకు సంక్రమించినది. అంతకుముందే, 2010లో, అచటి ప్రకృతి సంఘము ఆ దారిని పచ్చని నడవగా నిలుపవలెనని ప్రతిపాదించినది. ప్రభుత్వమును బాట వేయుటకు పూనుకొన్నది. ఇంతవరకు బాగుగనే ఉన్నది. కాని క్రాంజి వద్ద ఈ దారికి ఆనుకొనియున్న అడవి తునకను పరిశ్రమలకు కేటాయించినారు. అచటి ప్రాణులపై పరిశీలన ముగియకముందే సుమారు 4.5 హెక్టార్లలో చెట్లు కొట్టివేయబడినవి. ఆకాశమునుండి తీసిన ఛాయాచిత్రములు 2021 ఫిబ్రవరిలో బయటపడగా, పొరపాటు జరిగినదని అధికారులు ఒప్పుకొని క్షమాపణ చెప్పినారు. చెట్లు పడిన తరువాత జరుగు పరిశీలన మిగిలినదానిని లెక్కించునే గాని, పోయినదేమో చెప్పజాలదు. బాట పచ్చగా ఉండి, దాని ప్రక్క నేల బోడిదైనచో, ఆ దారిని వాడుకొను ప్రాణి ఎచటినుండి వచ్చును? ఎచటికి పోవును?

అట్టి చోట్ల చెట్లు చాలవరకు అల్బిజియా అను విదేశీజాతివి, త్వరగా పెరిగి త్వరగా విరుగునవి గనుక నష్టము లేదను వాదము కలదు. ఇది సగము సత్యము. సింగపూరులో ఎత్తైన అల్బిజియా చెట్లపై గద్దలు గూళ్లు కట్టుట పక్షిశాస్త్రజ్ఞులకు తెలిసినదే. గద్ద చెట్టు పుట్టుపూర్వోత్తరములు విచారింపదు. ఎత్తును, కొమ్మల బలమును చూచును. చెట్టు ఏ దేశపుదను ప్రశ్నతోపాటు, దానిని ఏ ప్రాణి దేనికొరకు వాడుకొనుచున్నదను ప్రశ్నయు వేయవలెను.

పరిశీలన ముందుగా జరిగినంతమాత్రమున చాలదు; తగినన్ని మారులు జరుగవలెను. ఒకనాటి ఉదయము నడచి, "ఏమియు కనబడలేదు" అని వ్రాయుట వ్యర్థము. ఉపాధ్యాయులు తరగతిలో ఈ లెక్క చేయించవచ్చును. ఒక ప్రాణి అక్కడ ఉన్నను, ఒక్కొక్క మారు వెళ్లినప్పుడు అది కనబడు అవకాశము అయిదింట ఒకటి అనుకొందురు గాక. మొదటి మారు కనబడకపోవు అవకాశము 0.8. అయిదు మారులు వెళ్లినను ఒక్కసారియు కనబడకపోవుటకు అవకాశము 0.8ను అయిదుమారులు గుణింపగా వచ్చును, అది 0.33, అనగా మూడింట ఒక వంతు. పది మారులు వెళ్లినను ఇంకను 0.11 మిగులును. పైగా అలుగు, గబ్బిలము రాత్రి తిరుగునవి. వలసపక్షులు కొన్ని నెలలే ఉండునవి. కనుక రాత్రియు పగలును, అన్ని ఋతువులలోను చూడని నివేదికను నమ్ముటకు వీలులేదు.

పరిశీలన ఫలితము బాట రూపమును మార్చిన తావులును కలవు. లండనులోని పార్క్‌లాండ్ వాక్ ఒక పాత రైలుదారి. 1990లో దానిని స్థానిక ప్రకృతి రక్షితప్రాంతముగా ప్రకటించినారు. హైగేట్ వద్ద దాని సొరంగములలో గబ్బిలములున్నవి. అందుచే ఆ సొరంగములను మనుష్యులకు మూసి, బాటను వీధిలోనుండి త్రిప్పినారు. బాత్ పట్టణము వద్ద 1,672 మీటర్ల కూమ్‌డౌన్ సొరంగము ద్వారా 2013లో బాట తెరచినారు. గబ్బిలముల కొరకు అందలి దీపములను రాత్రి 11 గంటలనుండి ఉదయము 5 వరకు ఆర్పుదురు. ఇదియు పూర్తి పరిష్కారము కాదు. సెప్టెంబరు చివర అచట ప్రొద్దుగ్రుంకునది సుమారు 7 గంటలకు. గబ్బిలము మేతకు వెడలునది ఆ వేళనే. నాలుగు గంటల వెలుతురు మిగిలియే ఉన్నది. అయినను ఒక ప్రాణి గడియారమును గమనించి మనుష్యుల గడియారమును కొంత సవరించుట మెచ్చదగినది.

ఇంత పరిశీలన చేయుచు కూర్చున్నచో బాటలు ఎన్నటికి పూర్తియగునని కొందరు అడుగుదురు. బాట లేనిచో ఆ నేలలో ఇండ్లు లేచును, అప్పుడు ప్రాణులకు ఏమియు మిగులదనుటయు నిజమే. కాని బాట వేయుటలోనే తేడా కలదు. పదునైదు మీటర్ల వెడల్పుగల పట్టీలో మూడు మీటర్ల బాట వేసి, ఇరుప్రక్కల రెండేసి మీటర్లు తుప్పలు నరికినచో ఏడు మీటర్లు పోవును, దాదాపు సగము. బాటను ఒక అంచుకు జరిపి, రెండవ ప్రక్క తుప్పలను ముట్టకున్నచో పోవునది అయిదు మీటర్లే. మిగిలిన పది మీటర్లు ఒకేచోట ఉండును. ఏ అంచుకు జరుపవలెనో చెప్పునది పరిశీలనయే. అందుకు పట్టు ఒక సంవత్సరము, ఇరువది ఏండ్లు బీడుగా ఉన్న నేలకు ఎక్కువ కాదు.

ఆంధ్రప్రదేశములోను ఈ ప్రశ్నకు తావు కలదు. గుంటూరు–గుంతకల్లు మార్గమును 1990 దశకములో బ్రాడ్‌గేజిగా మార్చినప్పుడు, నల్లమలలో కొంతమేర పాత దారిని విడిచి కొత్త దారి వేసినారు. 1880 దశకములో కట్టిన దొరబావి వంతెన అవశేషములును, బొగద వద్ద పాత సొరంగమును అడవిలో మిగిలినవి. ఎన్నడైనను అచట నడకబాట అను మాట వచ్చినచో, మొదట అడుగవలసినవి మూడు: రాత్రి ఎవరు చూచినారు? ఎన్ని ఋతువులు చూచినారు? చూచినదానివలన పటములో ఏ గీత మారినది? ఊరి స్టేషను వద్ద వాడుకలేని పాత పట్టాలుండి, రైల్వేవారు అనుమతించినచో, విద్యార్థులు నూరు మీటర్ల మేర నెలకొకమారు ఉపాధ్యాయునితో నడచి, కనబడినది, కనబడనిది, వేళతో సహా వ్రాసికొనవచ్చును. పండ్రెండు నెలల ఆ నోటుపుస్తకము చేతనుండగా, ఒకపూటలో వ్రాసిన నివేదిక ఎంత పలుచనిదో వారికి తెలియును.