తెలుపు పెంచండి, ఎరుపు తగ్గించండి

గ్లోబలైజేషన్ అనగానే మా తరానికి 1991 గుర్తొస్తుంది. పీవీ, మన్మోహన్, ఆ వెనకే విదేశీ కూల్‌డ్రింకులు. బయటివాళ్లు తలుపు తట్టారు, మనం తీశాం. నెదర్లాండ్స్ మ్యూజియాల్లో ఫ్రీస్‌లాండ్ ప్రాంతపు పాత బట్టలు చూశాక ఆ తేదీ మీద నమ్మకం పోయింది.

ఆ ప్రాంతంలో హిందెలోపెన్ అని ఒక చిన్న రేవు ఊరుంది. 18వ శతాబ్దంలో అక్కడి ఆడవాళ్లు కోరమాండల్ తీరపు కలంకారీ గుడ్డతో పొడవాటి పైకోట్లు కుట్టించుకునేవారు. చావు ఇంట్లో ఎరుపు పనికిరాదు కాబట్టి నీలం, తెలుపు మాత్రమే ఉన్న గుడ్డ వేసుకునేవారు. ఎక్కడో డచ్చి ఊళ్లో మైల పాటిస్తే, ఇక్కడ నీలిమందు తొట్టి దగ్గర పని పెరిగిందన్నమాట!

1643లో లండన్ నుంచి ఈస్టిండియా కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ మనుషులకు ఒక ఉత్తరం రాశారు. మీరు పంపే దుప్పట్లు ముదురు ఎరుపు మీద ఉంటున్నాయి, అందరికీ నచ్చడం లేదు, ఇకమీదట తెలుపు ఎక్కువ ఉండేలా చేయించండి అని దాని సారాంశం. తేదీ చెప్పకుండా చదివి వినిపిస్తే ఇవాళ్టి ఎక్స్‌పోర్టర్ నిన్నొచ్చిన ఈమెయిల్ అనుకుంటాడు.

అలాగని ఇదంతా యూరప్‌వాళ్లు మొదలుపెట్టిందీ కాదు. 17వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో దిగారంటే అసలు కారణం మసాలాలు. ఇండోనేషియా దీవుల్లో లవంగం, జాజికాయ కొనాలంటే మన గుడ్డ కావాలి. సయాం రాజాస్థానం తమ నమూనాల ప్రకారం ఈ తీరంలోనే గుడ్డలు చేయించుకునేది. ఫ్రాన్స్ 1686లో, ఇంగ్లండ్ 1721లో ఈ రకం గుడ్డల్ని నిషేధించాయి. మనకు స్వేచ్ఛా వాణిజ్యం పాఠాలు చెప్పింది తర్వాత.

ఇక్కడ మీసం మెలేయడం తేలిక. నాకంత ఉత్సాహం లేదు. అచ్చమైన మన సంప్రదాయం అని మురిసిపోయే కలంకారీ పూలచెట్టు డిజైనులో పర్షియా ఉంది, చైనా ఉంది, లండన్ కొనుగోలుదారుడి ఇష్టాయిష్టాలూ ఉన్నాయి. గీసిన చెయ్యి మాత్రం మనది.

ఎరుపు సంగతి ఇంకా చిత్రం. కృష్ణా డెల్టా తీరపు ఇసుక నేలల్లో దొరికే చిరువేరు వల్ల బందరు ఎరుపుకి పేరొచ్చింది. ఆ వేరులో రంగునిచ్చే పదార్థం అలిజరిన్. దాన్ని 1868లో గ్రేబే, లీబర్మాన్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో తయారుచేశారు. ఇవాళ కలంకారీ అద్దే పెడనలో కరక్కాయ నీళ్లలో తడిపి, పటిక అద్దిన గుడ్డని జాజాకుతో కలిపి కాగుల్లో ఉడికిస్తే వచ్చే ఎరుపు చాలాచోట్ల ఆ జర్మన్ ఎరుపే. దానికి ‘పూర్తిగా సహజ రంగులు’ అని చీటీ తగిలించి అమ్మే దుకాణాలూ లేకపోలేదు.