కుక్క, పిల్లి, ప్రోగ్రాము

కంప్యూటరు శాస్త్రము చదువు విద్యార్థికి ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ పరిచయమగు తీరు చాలా పాఠ్యపుస్తకములలో ఇంచుమించు ఒక్కటే. ‘జంతువు’ అను క్లాసు ఒకటి ఉండును. దానికి సంతానముగా ‘కుక్క’, ‘పిల్లి’ పుట్టును. ‘శబ్దము చేయుము’ అని ఆజ్ఞాపించగా కుక్క భౌ మనును, పిల్లి మ్యావ్ మనును. ఇంతటితో వారసత్వము, బహురూపత అను రెండు గొప్ప భావములు బోధపడినవని పుస్తకము తృప్తి చెందును. విద్యార్థియు చెందును. చిక్కు ఆ తరువాత వచ్చును. గ్రంథాలయమునకు ఒక ప్రోగ్రాము వ్రాయుమన్నచో, ఏ క్లాసు ఎందుకు కావలెనో అతనికి తోచదు. కుక్క మొరిగినందువలన పాఠములో ఏ పని నెరవేరినది? ఏదియు లేదు. అవసరము చూపకయే ఉపాయము చూపిరి.

ఆ ఉపాయము పుట్టిన చోటు చూచినచో సంగతి తేటపడును. ఓస్లో నగరములోని నార్వీజియన్ కంప్యూటింగ్ సెంటరులో, 1960 దశకమున, క్రిస్టెన్ నీగార్డ్, ఓలె యోహాన్ డాల్ అనువారు సిమ్యులా అను భాషను నిర్మించిరి. వారికి కావలసినది జంతువుల వంశవృక్షము కాదు; నిజజీవితములోని రద్దీని కంప్యూటరులో అనుకరించుట. వంతెన మీది సుంకపు గేటు వద్ద వాహనములు బారు తీరుట వారు ఆలోచించిన ఉదాహరణములలో ఒకటి. బారులో లారీలున్నవి, బస్సులున్నవి. లారీకి సరకు లెక్క కావలెను, బస్సుకు ప్రయాణికుల లెక్క కావలెను. కాని బారులో నిలుచుట, ముందుకు జరుగుట, గేటు దాటుట రెండింటికిని సమానమే. ఆ భాగమును లారీకొకసారి, బస్సుకొకసారి వ్రాసినచో శ్రమ రెట్టింపగును. పైగా ఒకచోట దిద్ది రెండవచోట మరచు ప్రమాదము కలదు. కనుక సమానమైన దానిని ఒక్కచోట వ్రాసి, తక్కినవి దానిపై కట్టవలెను. 1967 నాటి సిమ్యులాలో క్లాసులు, ఉపక్లాసులు చోటు చేసికొన్నవి ఇట్టి అవసరము వలననే. సి ప్లస్ ప్లస్, జావా భాషలు పిమ్మట ఈ బాటనే నడచినవి.

జంతువుల పాఠము మరియొక అపోహను కూడ నాటును. ‘ఇది అదియే’ అనదగిన ప్రతిచోట వారసత్వము చెల్లునని విద్యార్థి నమ్మును. జ్యామితిలో చతురస్రము దీర్ఘచతురస్రమే కదా! కావున ‘చతురస్రము’ అను క్లాసును ‘దీర్ఘచతురస్రము’నకు సంతానముగా చేయును. ఇప్పుడు ఒక ప్రోగ్రాము పొడవును 5గా, ఆ పిదప వెడల్పును 4గా మార్చి వైశాల్యమడిగినదనుకొనుడు. రావలసినది 20. కాని చతురస్రము తన భుజములను సమానముగా ఉంచుకొనవలెను గనుక వెడల్పుతోపాటు పొడవును కూడ 4 చేసికొని, 16 అని చెప్పును. జ్యామితి తప్పలేదు. కాగితముపై గీసిన చతురస్రము మారదు, ప్రోగ్రాములోనిది మారును. భేదమంతయు ఇక్కడనే ఉన్నది. తల్లి క్లాసు పనిచేయుచోట పిల్ల క్లాసును ఉంచినను ప్రోగ్రాము నడత చెడరాదను నియమమును బార్బరా లిస్కోవ్ 1987లో ఒక ప్రసంగమున ప్రతిపాదించిరి. వారసత్వము చెప్పిన నాడే చెప్పదగిన ఈ నియమము అనేక పుస్తకములలో చివరి అధ్యాయములకు జారిపోవును.

సమాచారమును క్లాసులో భద్రముగా దాచుటను గురించి మాత్రము పుస్తకములు మేలుగనే చెప్పుచున్నవి. బ్యాంకు ఖాతాలోని నిల్వను ఎవరుపడితే వారు మార్చరాదనుట ఎవరికైనను అర్థమగును.

ఉపాధ్యాయుడు ఆ గ్రంథాలయ ప్రోగ్రామునే మొదట క్లాసులు లేకుండ వ్రాయించవచ్చును. పుస్తకములకు 14 రోజుల గడువు. కొన్నాళ్లకు పత్రికలు చేరును, వాటికి 3 రోజులే. ఆ పిమ్మట ఇంటికీయని నిఘంటువులు చేరును. ప్రతి చేర్పునకు ఎన్నిచోట్ల దిద్దవలసి వచ్చెనో విద్యార్థి లెక్క వేసికొనును. మూడవసారి దిద్దునప్పటికి క్లాసుల పేర్లు అతడే పలుకును. అప్పుడు అడుగవలసిన ప్రశ్న ఒకటి మిగిలియుండును: ‘అరువిమ్ము’ అని ఆజ్ఞాపించినచో నిఘంటువు ఏమని బదులీయవలెను?