నడుముకు వదిలిన జాగా

రెగెటాన్ అనే స్పానిష్ నాట్య సంగీతంలో పాట మొదలైతే, అది గిట్టనివాళ్ల మోకాలు కూడా కుదురుగా ఉండదు. ఆ పనితనమంతా 'దెంబో' అనే చిన్న దరువులో ఉంది.

ఎనిమిది సమానమైన మాత్రలు లెక్కపెట్టుకోండి. ఒకటి, అయిదు మాత్రల మీద కిక్ డ్రమ్ 'ధం' అంటుంది. అది మామూలు నడక. స్నేర్ డ్రమ్ మాత్రం నాలుగు, ఏడు మాత్రల మీద పడుతుంది. కిక్ నాలుగు, నాలుగుగా పంచిన ఎనిమిదిని స్నేర్ మూడు, మూడు, రెండుగా కోస్తుందన్నమాట. మన మృదంగం వాళ్ల లెక్కలో తకిట తకిట తక. చేత్తో బల్ల మీద కిక్ వేస్తూ, నోటితో ఆ జతి చెప్పి చూడండి. నాలుగో మాత్ర మీది దెబ్బ రాబోయే కిక్‌కి ఒక్క మాత్ర ముందే పడుతుంది. పాదం దిగకముందే నడుము కదులుతుంది. ఏడోది పడ్డాక ఒక మాత్ర ఖాళీ. వెళ్లిన నడుము వెనక్కి రావడానికి అదే జాగా. నిమిషానికి 90 నుంచి 100 కిక్‌లే కాబట్టి తొందరేమీ లేదు. మోకాళ్లు వంచి, అమ్మాయి వీపు అబ్బాయి వైపు ఉంచి, ఇద్దరూ ఒకే ఊపులో నడుము తిప్పే 'పెర్రెయో' ఈ కొలతకు అతికినట్టు సరిపోయింది.

దరువు పుట్టిల్లు జమైకా. షాబా ర్యాంక్స్ పాడిన 'డెం బో' పేరే దానికి నిలిచిపోయింది. ఆ పాటలోని మాటలేమో స్వలింగ ప్రేమను ఈసడించేవి. పనామా గాయకులు దాన్ని స్పానిష్‌లోకి తెచ్చారు. న్యూయార్క్ స్టూడియోల మీదుగా ప్యూర్టోరికో చేరాక, డీజే ప్లేయెరో లాంటివాళ్ల క్యాసెట్లు చేతులు మారుతూ ఇళ్ల కారు షెడ్లలో కుర్రకారు చేసుకునే పార్టీలకు వెళ్లాయి. 1995లో అక్కడి పోలీసులు అశ్లీలమంటూ దుకాణాల మీద పడి క్యాసెట్లు పట్టుకెళ్లారు. 2002లో సెనేటర్ వెల్దా గొన్సాలెస్ పెర్రెయో మీద ఉద్యమమే నడిపారు. బల్ల మీద వేళ్లతో వాయించుకోగల దరువును ఎవరు మాత్రం జప్తు చేస్తారు?

అసలు నగిషీ లూనీ ట్యూన్స్ అనే సంగీత నిర్మాతల జంటది. హార్వర్డ్ విశ్వవిద్యాలయం క్యాంటీన్‌లో పనిచేసిన ఇద్దరు డొమినికన్ కుర్రాళ్లు వీళ్లు. 2004లో గాయకుడు డాడీ యాంకీకి 'గసోలీనా' పాట కట్టారు. ఒకే దరువు నాలుగు నిమిషాలు మోగితే చెవి విసుగెత్తుతుంది. దరువు మారిస్తే ఒళ్లు తడబడుతుంది. అందుకే వీళ్లు కొన్ని ఆవర్తాలకోసారి స్నేర్ శబ్దాన్ని మార్చేస్తారు, దాని చోటును మాత్రం ముట్టుకోరు. ఒకసారి పొడిగా, ఒకసారి బరువుగా, మరోసారి చప్పట్లా వినిపిస్తుంది. చెవికి కొత్త, నడుముకు పాత! మధ్యలో వాయిద్యాలు ఎగదోస్తూ పోయి చటుక్కున ఆగుతాయి. ఆ తర్వాత పడే కిక్ కోసం హాలంతా ఊపిరి బిగబడుతుంది. 2017లో మన ఊళ్లలోనూ మోగిన 'డెస్పాసితో' కింద ఉన్నదీ ఇదే లెక్క, కాస్త నెమ్మదిగా.

2020లో గాయకుడు బ్యాడ్ బన్నీ 'యో పెర్రెయో సోలా' పాట తెచ్చాడు. ఇందులో అమ్మాయికి జత అక్కర్లేదు, ఒంటరిగానే ఆడతానంటుంది. వీడియోలో ఆయనే విగ్గు, లిప్‌స్టిక్‌తో ఆడవేషం కట్టి పెర్రెయో ఆడాడు, 'డెం బో' ఈసడించినవాళ్ల పక్షాన, దాని దరువు మీదే.