రెండు శాతం దేనికి?

మిర్యాలగూడ రైస్‌మిల్లు ముందు వడ్ల ట్రాక్టరు ఆగితే రైతు తేమ ఎంత చూపిందో అడుగుతాడు, తరుగు ఎంత తీస్తున్నారో అడుగుతాడు, తూకంలో తేడా వస్తే ఊరుకోడు. అదే మనిషి సూర్యాపేటలోనో కోదాడలోనో ఇల్లు కొనబోతే, బ్రోకర్ ‘రెండు శాతం’ అనగానే తలూపుతాడు. 40 లక్షల ఇంటికి అది 80 వేలు. అమ్మేవాళ్ల దగ్గరా అంతే తీసుకుంటే లక్షా 60 వేలు. ఈ ఖర్చు మిగలాలంటే బ్రోకర్‌ను తప్పించాలని చాలామంది చూస్తారు. నన్నడిగితే తప్పించాల్సింది మనిషిని కాదు, శాతాన్ని.

బ్రోకర్ చేసే పనులు మూడు: ఇల్లు చూపించడం, బేరం కుదర్చడం, కాగితాలు సరిచూడటం. మొదటిదానికి ధరతో సంబంధం లేదు. 20 లక్షల ఇల్లు చూపించినా 60 లక్షల ఇల్లు చూపించినా బండికి పట్టే పెట్రోలు ఒకటే. రెండోదాంట్లో శాతం మనకు ఎదురు తిరుగుతుంది. ధర లక్ష తగ్గితే మనకు లక్ష మిగులుతుంది, మన వైపు నుంచి అతనికి పోయేది రెండు వేలే. తగ్గించమని గట్టిగా పట్టుబడితే మొత్తం బేరమే చెడిపోవచ్చు. అందుకే ధర ఎంతన్నదాని కన్నా బేరం త్వరగా తెగడమే అతనికి ముఖ్యం. అది అతని దురాశ కాదు, మనం ఒప్పుకున్న లెక్కలోనే ఉన్న లోపం. ఇక మూడో పనికి లాయర్‌కూ, దస్తావేజు రాసేవాళ్లకూ ఎలాగూ వేరే ఇస్తున్నాం. పైగా అందులో సగం ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో ఇంటి నంబరో సర్వే నంబరో కొట్టి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే ఎవరు ఎవరికి ఏ తేదీన రాసిచ్చారో, రిజిస్టరైన తనఖా ఉందో లేదో వరసగా కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 22-ఏ కింద నిషేధిత జాబితాలో ఆ స్థలం ఉందేమో కూడా అక్కడే తెలుస్తుంది.

ఈసీతోనే అన్నీ తేలవు కదా అంటారు. నిజమే. అన్నదమ్ములు నోటిమాటతో పంచుకున్న సంగతి, ఆడపిల్లకు రావాల్సిన వాటా, కోర్టులో నలుగుతున్న తగాదా ఈసీకి ఎక్కవు. ఊళ్లో తిరిగే బ్రోకర్‌కు అవి తెలుస్తాయి. ఆ ఎరుకకు విలువ ఉంది కాబట్టే దానికి డబ్బు ఇవ్వాలి. కానీ అతను చెప్పేదీ నోటిమాటే. రేపు తగాదా వస్తే మనకు నిలిచేది వారసులందరూ దస్తావేజులో పెట్టిన సంతకాలే.

చట్టం ఉంది కదా అన్నది ఇంకో మాట. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం నమోదైన ప్రాజెక్టులో ప్లాట్లు, ఫ్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు తానూ నమోదు చేసుకోవాలి. లేకుంటే రోజుకు 10 వేల చొప్పున జరిమానా. కానీ ఒకరు కట్టుకుని ఉంటున్న పాత ఇంటిని అమ్మిపెట్టే మధ్యవర్తికి ఈ నిబంధన వర్తించదు. అక్కడ మన షరతులు మనమే రాసుకోవాలి. మొత్తం ఇంత అని ఒక అంకె అనుకుని, సగం అగ్రిమెంట్ రోజున, సగం రిజిస్ట్రేషన్ అయ్యాక ఇస్తామని కాగితం మీద పెట్టడమే తేలిక దారి.

అలా అడిగితే మంచి ఇళ్లు మనకు చూపించరన్న భయం ఉంటుంది. కానీ ముందే అడగడం వింతేం కాదు. ఏజెంట్ల సంఘం బలంగా ఉన్న అమెరికాలోనే కమిషన్ల మీద కేసులు నడిచి, 2024లో ఆ సంఘం 41.8 కోట్ల డాలర్లకు రాజీపడింది. ఆ ఏడాది ఆగస్టు 17 నుంచి అక్కడ కొనేవాళ్లకు ఇల్లు చూపించే ముందే ఏజెంటు తన ఫీజు ఎంతో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అది శాతమే కానక్కర్లేదు, ఒకే మొత్తమూ కావచ్చు.

అందులో మనం పట్టుకోవాల్సిన మాట ‘చూపించే ముందే’ అన్నది. మన దగ్గర స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం అంటే 40 లక్షల మీద 3 లక్షలు. అక్కడ బేరం లేదు. కమిషన్ దగ్గర ఉంది కానీ, ఇంటావిడకు వంటగది నచ్చి, బయానా చేతులు మారాక అదీ ఉండదు. తేమ శాతం గురించి వడ్లు దించకముందే మాట్లాడాలని రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు.